చవక పనిముట్లు: ఏది కొనొచ్చు, ఏది కొనకూడదు
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో కుట్టు కేంద్రం కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఎజెండాలో మా కుట్టు కేంద్రం అంశం ఒకటి ఉంది. కేంద్రానికి 20 మిషన్లు కొనాలి. వాటితో పాటు కత్తెర్లు, ఇస్త్రీ పెట్టెలు, మోటార్లు, రిపేరు సామాను కావాలి. మూడు కొటేషన్లు వచ్చాయి. అందులో ఒకటి మిగతా రెండింటి కన్నా చాలా అగ్గువ. "అగ్గువకు వస్తుంటే పిరం పెట్టి కొనుడెందుకు?" అని కొందరు అడుగుతున్నారు. "చవక సామాను వద్దే వద్దు, మంచి కంపెనీదే కావాలె" అని ఇంకొందరు పట్టుబడుతున్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అందుకే చేతులెత్తే ముందు ఈ లెక్క అందరం కలిసి చూసుకుందాం. పెట్టేది మన పొదుపు పైసలు, తీర్చేది మన అప్పు.

ధర బిల్లు మీద ఉండదు

ఒక పనిముట్టు అసలు ధర ఎంత అంటే మనం బిల్లు చూపిస్తాం. కానీ అది మొదటి రోజు కట్టిన ధర మాత్రమే. అసలు ధర తెలియాలంటే అది ఎన్ని రోజులు పని చేసింది, ఎన్ని రోజులు ఆగింది అని చూడాలి.

లెక్క కోసం రెండు మిషన్లు అనుకుందాం. ఒకటి 5,000 రూపాయలు, ఇంకొకటి 9,000. ఏడాదికి 250 రోజులు పని. చవక మిషన్ రెండేళ్లు నడిచిందనుకోండి, అంటే 500 రోజులు. రోజుకు 10 రూపాయలు పడింది. పిరం మిషన్ ఆరేళ్లు నడిచిందనుకోండి, అంటే 1,500 రోజులు. రోజుకు 6 రూపాయలే పడింది. చేతికి చవకగా వచ్చింది, లెక్కలో పిరమైంది.

అయినా పెద్ద నష్టం ఇందులో లేదు. ఆగిపోయిన రోజుల్లో ఉంది. చవక మిషన్ నెలకు రెండు రోజులు ఆగిందనుకుందాం. ఒకసారి దారం తెగుతుంది, ఒకసారి షటిల్ పట్టేస్తుంది, మెకానిక్ రేపు వస్తానంటాడు. ఏడాదికి 24 రోజులు. రోజు కుట్టుకూలి 300 రూపాయలు అనుకుంటే పోయింది 7,200. మంచి మిషన్ ఏడాదికి 4 రోజులు ఆగితే పోయేది 1,200. తేడా 6,000. కొన్నప్పుడు మిగిలింది 4,000, అదీ ఒక్కసారే. పోయేది 6,000, అది ఏటేటా.

ఇప్పుడు ఇదే లెక్క తిరగేసి చూడండి. ఒక అక్క ఇంట్లో పిల్లల బట్టలకు కుట్లు వేసుకుంటుంది, చీరకు ఫాల్ కుట్టుకుంటుంది. వారానికి ఒక రోజు. అంటే ఏడాదికి 50 రోజులు. ఆ 500 రోజుల మిషన్ ఆమెకు పదేళ్లు వస్తుంది. ఒక రోజు ఆగినా ఆమె కూలి పోదు. ఆమె సంఘంలో అప్పు తీసి 9,000 మిషన్ కొనాల్సిన పని లేదు. ఆమెకు 5,000 మిషనే సరైన మిషన్.

చూశారా, రెండు చోట్లా మిషన్ అదే. మారింది వాడకం. కాబట్టి "ఇది మంచిదా, చెడ్డదా" అని అడగకూడదు. "మనం చేసే పనికి ఇది ఆగుతుందా" అని అడగాలి.

అడగాల్సిన మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: రోజుకు ఎంతసేపు వాడతాం? రోజంతా చేతిలో ఉండే సామాను మీద పైసలు పెట్టాలి. నెలకు ఒకసారి తీసే సామాను చవకదైనా నడుస్తుంది. చాలా ఇళ్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. అటకెక్కే డబ్బా మీద వేలు పెడతాం, రోజూ పట్టుకునే కత్తెర దగ్గర బేరం ఆడతాం.

రెండో ప్రశ్న: పాడైతే ఎవరు బాగు చేస్తారు, సామాను ఎక్కడ దొరుకుతుంది? మన దేశంలో కుట్టు మిషన్లకు, వాటి విడిభాగాలకు పెద్ద కేంద్రం పంజాబ్‌లోని లూథియానా. మన ఊళ్లలో తొక్కే నల్ల మిషన్‌కు బాబిన్ కేసు, షటిల్, బెల్టు, సూది మండల కేంద్రంలోనే దొరుకుతాయి. దాన్ని విప్పి బిగించే మనిషీ దొరుకుతాడు. పేరున్న కంపెనీది కాకపోయినా ఆ మిషన్‌కు ఇది పెద్ద బలం. అదే ఆన్‌లైన్‌లో కనిపించే చిన్న ప్లాస్టిక్ మిషన్ సంగతి చూడండి. లోపల పళ్ల చక్రాలు ప్లాస్టిక్‌వి ఉంటాయి. ఒక పన్ను విరిగిందంటే దానికి చక్రం దొరకదు, మిషన్ మూల పడుతుంది. అది చవక కూడా కాదు, ఉత్త ఖర్చు.

మూడో ప్రశ్న: ఇది పని మధ్యలో విఫలమైతే ఏం పోతుంది? చాక్‌పీసు విరిగితే ఏమీ పోదు. కత్తెర మొద్దుబారితే బట్ట పాడవుతుంది. ఇస్త్రీ పెట్టెలో కరెంటు లీకైతే ప్రాణం పోతుంది. పోయేది పైసలైతే బేరం ఆడొచ్చు. పోయేది వేలో, కన్నో, ప్రాణమో అయితే బేరం లేదు.

ఈ మూడింటికి నాలుగోది సంఘం వాళ్లం కాబట్టి మనం కలుపుకోవాలి: అప్పు తీసి కొంటున్నామా? కుట్టు మిషన్‌కు, వాయిదాకు పాత చుట్టరికం ఉంది. అమెరికాలో సింగర్ కంపెనీ 1850లలోనే మిషన్లను వాయిదాల మీద అమ్మింది. ఇప్పుడు మనం స్త్రీనిధి నుంచో, బ్యాంకు లింకేజీ నుంచో తీసుకుంటున్నాం. 24 నెలల వాయిదా పెట్టుకుని 14వ నెలలో మిషన్ పోతే మిగతా 10 వాయిదాలు దేంతో కడతాం? చింత చచ్చినా పులుపు చావదంటాం కదా, మిషన్ చచ్చినా వాయిదా చావదు. కాబట్టి అప్పు మీద కొనే సామాను ఆ అప్పు కన్నా ఎక్కువ కాలం బతకాలి. బతుకుతుందన్న నమ్మకం లేకపోతే చేతి పైసలతో చిన్నది కొనుక్కోండి, అప్పు చేయకండి.

ఎక్కడ మిగిలించుకోవచ్చు

చవకవి నిశ్చింతగా కొనుక్కునేవి చాలా ఉన్నాయి. కొలత టేపు కొనొచ్చు, కానీ కొన్న రోజే స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోండి, సాగే టేపు వద్దు. చాకులు, గుండుసూదులు, కుట్లు విప్పే కొక్కెం, స్కేళ్లు, నూనె డబ్బా, డబ్బాలు, బల్లలు, స్టూళ్లు, ఇవన్నీ చవకవే చాలు. నేర్చుకునే పిల్లకు మొదటి ఆరు నెలలు పాత తొక్కుడు మిషన్ చాలు. ఆమెకు ఆ పని నచ్చుతుందో లేదో తేలాక కొత్తది చూడొచ్చు.

కొత్త చవక మిషన్ కన్నా పాత మంచి మిషన్ చాలాసార్లు మేలు. పాత ఇనుప మిషన్ తలకాయ అరగలేదంటే, షటిల్ మార్చి, నూనె వేసి, బెల్టు వేస్తే మళ్లీ ఏళ్ల తరబడి నడుస్తుంది. కొనే ముందు మీకు నమ్మకమున్న మెకానిక్‌ను వెంట తీసుకుపోండి. ఆయనకు ఇచ్చే కూలి దండగ కాదు.

ఎప్పుడో ఒకసారి వాడే సామాను విషయంలో ఇంకో దారి ఉంది. ముందు చవకది కొనండి. అది విరిగిపోయేంతగా మీరు వాడారంటే, ఆ సామాను మీకు నిజంగా అవసరమని తెలిసినట్టు. రెండోసారి మంచిది కొనండి. విరగకపోతే పైసలు మిగిలినట్టే. అయితే కరెంటు సామానుకు, పదునున్న సామానుకు ఈ దారి పనికిరాదు.

ఎక్కడ మిగిలించుకోకూడదు

కత్తెర ముందు చెప్తాను, రోజంతా చేతిలో ఉండేది అదే. చవక కత్తెరకు రెండు రేకులనూ రివిటు కొట్టి కలుపుతారు. అది వదులైతే బిగించే దారి లేదు. మంచి కత్తెరకు మధ్యలో స్క్రూ ఉంటుంది. వదులైతే బిగించుకోవచ్చు, మొద్దుబారితే విప్పి సాన పట్టించుకోవచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ కత్తెర్లకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మళ్లీ మళ్లీ సాన పట్టించుకుని ఏళ్లకేళ్లు వాడుకునే కత్తెర్లుగా వాటికి పేరు. వదులు కత్తెరతో కోస్తే బొటనవేలితో పక్కకు నొక్కి పట్టాల్సి వస్తుంది. సాయంత్రానికి చెయ్యి గుంజుతుంది. ఆ నొప్పి ఏ బిల్లులోనూ రాయరు.

ఇస్త్రీ పెట్టె, మోటారు, వైరు, ప్లగ్గు, బోర్డు, వీటి దగ్గర బేరం వద్దు. ఐఎస్ఐ గుర్తు ఉందా చూడండి. బొమ్మ ఒక్కటే చూస్తే చాలదు. గుర్తు పైన ఐఎస్ అని ఒక నంబరు, కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉండాలి. ఆ లైసెన్సు నంబరును ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ కంపెనీది, ఏ వస్తువుకు ఇచ్చింది అని చూపిస్తుంది. మన చదువుకున్న పిల్లలు అర నిమిషంలో చూసిపెడతారు. ఇస్త్రీ పెట్టెకు మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి, కేంద్రంలో ఎర్తింగు ఉండాలి. ప్లగ్గు పిన్నులకు అయస్కాంతం పెట్టి చూడండి. ఇత్తడికి అయస్కాంతం అంటదు. అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూత.

మోటారు సంగతి. లోపల చుట్టిన తీగ రాగిదా, అల్యూమినియందా అని అడగండి, బిల్లు మీద రాయించండి. ఒకే లావు తీగ తీసుకుంటే అల్యూమినియం రాగి అంత బాగా కరెంటును మోయదు, తొందరగా వేడెక్కుతుంది. రాగి బరువుగా ఉంటుంది కాబట్టి ఒకే సైజు మోటార్లు రెండు చేతుల్లో పట్టుకుంటే కొంత తెలుస్తుంది. మనం జూకీ అని పిలిచే పవర్ మిషన్లు కొంటే ఇంకో మాట. క్లచ్ మోటారు స్విచ్ వేసినప్పటి నుంచి ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది, మనం కుట్టినా కుట్టకపోయినా. సర్వో మోటారు పెడల్ తొక్కినప్పుడే తిరుగుతుంది. కొనేటప్పుడు క్లచ్‌ది చవక కావచ్చు, కరెంటు బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది.

చివరిది చాలా చిన్నది, స్క్రూడ్రైవర్, పానా. 32 ముక్కల సెట్టు అగ్గువకు వచ్చిందని తెస్తాం. మెత్తటి ఇనుము, కొన వంగిపోతుంది. కొన వంగితే స్క్రూడ్రైవర్ ఒక్కటే పోదు, మిషన్ స్క్రూ గాడి కూడా అరిగిపోతుంది. ఇగ ఆ స్క్రూ ఎవరు తిప్పినా రాదు. మనకు వాడకంలో ఉండేవి నాలుగైదు ముక్కలే. ఆ నాలుగైదు మంచివి కొనుక్కుందాం.

పచ్చళ్లు, కారం, పిండివంటలు అమ్మే అక్కలకు ఒక్క మాట. మీకు రోజూ వాడే పనిముట్టు తక్కెడ. అమ్మకానికి వాడే ఎలక్ట్రానిక్ తక్కెడకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, ఏడాదికి ఒకసారి మళ్లీ వేయించాలి. ముద్ర లేని చవక తక్కెడ ఇంట్లో వాడుకోవడానికి సరే, దానితో తూచి అమ్మకూడదు.

షాపులో చేసే పరీక్ష

షాపాయన మిషన్ మీద మెరిసే పువ్వుల బొమ్మ చూపిస్తాడు. మనం చూడాల్సింది అది కాదు. ముందు సూదికి దారం ఎక్కించకుండా చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. ఎక్కడా పట్టేయకూడదు, ఒక చోట తేలిగ్గా ఒక చోట గట్టిగా రాకూడదు. సూది కడ్డీని రెండు వేళ్లతో పట్టి పక్కకు కదిలించండి. లొడలొడలాడితే వద్దు. మిషన్‌ను వెనక్కు వంచి అడుగు భాగం చూడండి. పోత పోసిన ఇనుములో పగుళ్లు, గరుకులు ఉంటే వద్దు.

తర్వాత కుట్టి చూడాలి. గుడ్డముక్కలు మనమే సంచిలో తీసుకుపోవాలి. షాపులో ఇచ్చే గుడ్డ మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. పలుచటి జాకెట్టు లైనింగు, యూనిఫాం ప్యాంటు గుడ్డ నాలుగు మడతలు, కొంచెం పాలిస్టర్, ఈ మూడూ తీసుకుపోండి. గుడ్డకు తగిన సూది పెట్టించండి. పలుచటి గుడ్డకు 11 నంబరు, మామూలు గుడ్డకు 14, మందానికి 16. మిషన్ మంచిదైనా సూది తప్పయితే కుట్టు తప్పుతుంది. కుట్టు పైనా కిందా ఒకేలా ఉందా, మడత ఎక్కేచోట కుట్టు దాటేసిందా చూడండి. మోటారు ఉంటే అరగంట నడపమనండి. మోటారు పై భాగం మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా వదిలేయండి. "అరగంటా?" అని షాపాయన విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి, మనం రెండేళ్లు వాయిదా కట్టేవాళ్లం.

కత్తెరకు పలుచటి గుడ్డను తడిపి కోయండి. మొదలు నుంచి కొన దాకా ఒకే ఊపులో తెగాలి. కొన దగ్గర గుడ్డ మడతపడి నమిలినట్టయితే అది కోసే కత్తెర కాదు.

ఎంఆర్‌పీ 14,000, మీకు 7,000కే అంటే మురిసిపోకండి. ఎంఆర్‌పీ అంటే అంతకన్నా ఎక్కువ అమ్మకూడదని చెప్పే ధర. ఆ సామాను విలువ అంత అని కాదు.

బిల్లు సంగతి

"బిల్లు కావాలంటే రేటు పెరుగుతది" అని అంటారు. ఆ తగ్గింపు మనకు ఇచ్చే కానుక కాదు. మన హక్కును మన దగ్గరే కొనుక్కుంటున్నారు. బిల్లు లేకపోతే వారంటీ లేదు, ఫిర్యాదుకు ఆధారమూ లేదు. పక్కా బిల్లు, షాపు ముద్ర వేసిన వారంటీ కార్డు రెండూ తీసుకోండి. ఫోటో తీసి సంఘం గ్రూపులో పెట్టండి.

వ్యాపారానికి కొన్న సామానుకు వినియోగదారుల చట్టం వర్తించదని కొందరు మనల్ని భయపెడతారు. 2019 చట్టం ఆ మాట అనదు. సొంత కష్టం మీద బతకడానికి, స్వయం ఉపాధికి మాత్రమే కొనుక్కున్న వస్తువైతే కొన్న మనిషి వినియోగదారే. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పొచ్చు. జిల్లా కమిషన్‌లో కేసు వేయాలంటే రెండేళ్ల లోపు వేయాలి. 5 లక్షల లోపు కొన్న వాటికి ఫీజు లేదు.

ఈ మహాసభ ముందు మా ప్రతిపాదన

బడి పిల్లల యూనిఫాం పని మనకు వేసవిలో వస్తుంది. జూన్‌లో బడులు తెరిచే లోపు జతలు అందించాలి. ఆ నెలన్నరలో మిషన్లు ఆగితే కూలి పోవడమే కాదు, వచ్చే ఏడు మనకు పని ఇవ్వడానికి వెనకాడతారు. పిల్లలు పాత చొక్కాలతో బడికి పోతారు. కాబట్టి అగ్గువ కొటేషన్‌ను ఇప్పుడే కొట్టేయమని గానీ, ఇప్పుడే ఒప్పుకోమని గానీ మేం అడగడం లేదు. తీర్మానంలో ఈ ఐదు మాటలు రాయమని అడుగుతున్నాం.

ఒకటి, 20 మిషన్లు ఒకేసారి కొనవద్దు. అన్నిటికన్నా అగ్గువ కొటేషన్ నుంచి ఒకటి, దాని పై కొటేషన్ నుంచి ఒకటి, రెండే కొందాం. కేంద్రంలో 30 రోజులు రోజంతా నడుపుదాం. ఎన్నిసార్లు ఆగింది, ఎన్ని సూదులు విరిగాయి, ఎన్ని జతలు కుట్టాం అని పుస్తకంలో రాద్దాం. ఆ పుస్తకం చూసి మిగతా 18 ఏవో తేల్చుకుందాం. వేసవి రాకముందే ఇది అయిపోవాలి.

రెండు, ఆర్డరు కాగితంలోనే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, మెకానిక్ ఎన్ని రోజుల్లో వస్తాడు అని రాయించుకుందాం. మొత్తం పైసలు ముందే కట్టకుండా ఐదో వంతు ఒక నెల తర్వాత ఇద్దాం.

మూడు, ఇస్త్రీ పెట్టెలు ఐఎస్ఐ లైసెన్సు నంబరు సరిచూశాకే కొందాం. మోటారు, వైరింగు సామాను కూడా తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు చూపించాకే కొందాం.

నాలుగు, అప్పుడప్పుడు వాడే సామాను, మంచి పానాల సెట్టు, గుండీ కాజాల సామాను, సమాఖ్య తరఫున ఒక్కో సెట్టు కొని రిజిస్టరులో రాసి గ్రామ సంఘాలకు వంతులవారీగా ఇద్దాం. ఊరికొకటి కొనే పని లేదు.

ఐదు, ప్రతి మిషన్‌కు ఒక నంబరు, ఒక చిన్న పుస్తకం. నూనె ఎప్పుడు వేశాం, ఏం మార్చాం, ఎంత ఖర్చయింది అని రాయాలి. నూనె వేయని పిరం మిషన్ కన్నా రోజూ తుడిచి నూనె వేసిన చవక మిషన్ ఎక్కువ కాలం నడుస్తుంది. మూడేళ్ల తర్వాత మళ్లీ ఎవరైనా "అగ్గువదా, పిరందా" అని అడిగితే, వాదించుకోకుండా ఆ పుస్తకం తీసి చూపిద్దాం.

అగ్గువ కొటేషన్ ఇచ్చినాయన మిషనే ఆ 30 రోజులు బాగా నడిచిందనుకోండి, సంతోషంగా అదే కొందాం. మిగిలిన పైసలతో ఇంకో నలుగురు చెల్లెళ్లకు పని చూపిద్దాం. నడవలేదనుకోండి, పోయేది ఒక్క మిషన్ ఖర్చు. 20 మిషన్లతో తెలుసుకునేది ఒక్కదానితోనే తెలుసుకున్నట్టు అవుతుంది.

ఈ తీర్మానం మీద మీ ప్రశ్నలు అడగండి, అభ్యంతరాలుంటే చెప్పండి, ఆ తర్వాతే చేతులెత్తండి.